ఏముందప్పా ఇక్కడ?

దసరా సెలవులకు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో చుట్టాలొస్తారు. మొదటిరోజు కబుర్లతోనే గడిచిపోతుంది. రెండోరోజు పొద్దున్నే పిల్లలు అడుగుతారు, "మామా, ఈరోజు ఎక్కడికి పోదాం?" అని. ఆ ప్రశ్నకు అనంతపురం ఇళ్లలో ఎప్పటినుంచో ఒకటే జవాబు. "ఏముందప్పా ఇక్కడ చూడ్డానికి? రాళ్లూ, ఎండా." అంతే అనేసి, ఉడకబెట్టిన పచ్చి శెనక్కాయల గిన్నె వాళ్ల ముందుకు జరుపుతాం.

నేనూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాను. అందులో విసుగు లేదు. ఉన్నదల్లా కొంచెం మొహమాటం. ఇంటికొచ్చిన వాళ్లకు పెట్టడానికి ఏమీ లేదే అని గృహిణి నొచ్చుకున్నట్టు ఉంటుందది.

కానీ ఆ గిన్నెలో ఉన్న కాయ సంగతి చూడండి. ఈ ఎర్రమట్టిలోనే పుట్టినట్టుండే శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆండీస్ కొండల పాదాల దగ్గర, నేటి బొలీవియా, అర్జెంటీనాల మధ్య మొదట మొలిచిన పంట అది. పక్కనున్న పెరూ దేశంలో 1987లో సిపాన్ అనే చోట ఒక పాతకాలపు ప్రభువు సమాధి బయటపడింది. ఆయన మెడలోని హారం శెనక్కాయల ఆకారంలో ఉంది. ఒకవైపు కాయలు బంగారంతో, మరోవైపు కాయలు వెండితో చేసినవి. మనం గంపలకెత్తి అమ్ముకునే కాయను వాళ్లు ఆభరణంగా చేసుకుని వెంట తీసుకెళ్లారు.

ఆ హారం సంగతి తెలిసినప్పటినుంచి పెరూ గురించి ఏది కనబడినా చదవడం అలవాటైంది. ఒక్క దేశంలో మూడు లోకాలున్నాయి. సముద్రం పక్కన ఎడారి. దాని వెనక మంచుకొండలు. కొండలు దిగితే అమెజాన్ అడవి. కొండల్లో 2,430 మీటర్ల ఎత్తున మాచు పిచ్చు రాతి నగరం ఉంది. మరింత పైన, 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా సరస్సు ఉంది. అడవి మధ్యలోని ఇక్విటోస్ పట్నానికి బయటినుంచి రోడ్డే లేదు. పడవలోనో విమానంలోనో పోవాలి.

వీటన్నిటిలో నా మనసు నిలిచింది మాత్రం నాస్కా ఎడారి దగ్గర. దాదాపు రెండువేల ఏళ్ల కిందట అక్కడివాళ్లు నేలమీది రాళ్లను పక్కకు తీసి, కోతినీ సాలీడునూ పక్షినీ గీశారు. ఒక్కో బొమ్మ పొలమంత ఉంటుంది. అవి ఇవాళ్టికీ చెరిగిపోలేదంటే కారణం అక్కడ వాన పడకపోవడమే. ప్రపంచం నలుమూలల నుంచీ జనం పోయి చూసేది ఆ ఎండిన నేలనే.

మనకు ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో కురిసి కురిసి, మనదాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఆ రెంటికీ మధ్య ఈ పీఠభూమి చేయి చాచుకుని నిలబడి ఉంటుంది. అయినా నాస్కాతో పోలిస్తే మనది పచ్చని సీమే.

ఒక ఏడు పిల్లలు అడిగితే ఆ పాత జవాబు చెప్పలేదు. చిత్రాన్నం కట్టుకుని రోజుకొక వైపు బయల్దేరాం.

లేపాక్షిలో ఒకే బండను చెక్కిన నంది ఉంది. ఎత్తు పదిహేను అడుగులు, పొడవు ఇరవై ఏడు. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ నుంచి వచ్చిన విరూపన్న, వీరన్న అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రుడి గుడి అక్కడికి కూతవేటు దూరం. నేలకు పూర్తిగా ఆనని స్తంభం కింద పిల్లలు తువ్వాలు దూర్చి అవతలికి లాగారు. గుడి వెనక ఏడు పడగల నాగలింగం ఉంది. తల్లి వంట చేసేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారని చెబుతారు. అన్నం ఆలస్యమైతే కొడుకులు ఏం చేశారో చూడమని మా చెల్లెలు పిల్లలకు చెప్పింది. వాళ్లు ఆ పడగల కింద చాలాసేపు నిలబడ్డారు.

కదిరి దాటి వెళితే తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు. ఐదెకరాలకు పైగా పరుచుకుంది. వెయ్యికి పైగా ఊడలు నేలలోకి దిగాయి. మొదటి మొదలు ఏదో చూపించమని పిల్లలు అడిగారు. ఎవరికీ తెలియలేదు. ప్రతి ఊడా ఒక మొదలై నిలబడింది. వాన తక్కువైన చోట ఇంత నీడ ఎలా బతికిందని ఆశ్చర్యపోతాం. దొరికిన ప్రతిచోటా ఒక వేరు దించుకుంది, అలాగే బతికింది. ఈ సీమలో మనుషులు బతికిన తీరూ అదే.

తాడిపత్రి దగ్గర మరో లోకం. ఎర్రనేల పోయి నల్లరేగడి వస్తుంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో, లింగం దగ్గర నీటి ఊట. ఏట్లో కనుచూపుమేర ఇసుకే ఉన్న రోజుల్లో కూడా అక్కడ తడి కనిపిస్తుంది. అదే ఊళ్లోని చింతల వెంకటరమణుడి గుడిలో రాతిరథానికి రాతిచక్రాలున్నాయి. పడమట హగరి ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్లు వైపు పోతే ఇసుక దిబ్బలు, అచ్చం ఎడారిలా. వజ్రకరూరులో తొలకరి పడగానే జనం తల వంచుకుని చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. వాన కోసం ఇంత ఎదురుచూసే నేలమీద, ఆ వానే మట్టి కడిగి రాయిని మెరిపిస్తుంది.

చివరికి చిలమత్తూరు దగ్గరి వీరాపురం. ఊరి మధ్యలో చింతచెట్లు. వాటినిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు ఉండే ఊరు. కొంగలు చలికాలంలో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగరడం నేర్చాక వెళ్లిపోతాయి. మేము పోయింది దసరాకు కాబట్టి ఖాళీ గూళ్లే చూశాం. పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డలని ఊరివాళ్లు వాటి గురించి చెప్పుకుంటారు. చెరువు ఎండిన ఏడు చేపల కోసం అవి ఎంతో దూరం పోయి రావాలి. తమకే నీళ్లు కరువైన ఊరు, చెట్లు కొట్టకుండా, గూళ్లు కదపకుండా వాటిని కాపాడుకుంటూ వచ్చింది.

ఆ చివరిరోజు తిరిగొచ్చేటప్పుడు దారిలో చీకటి పడింది. పిల్లలు నిద్రపోయారు. అప్పుడు నాకు మన పాత జవాబు గుర్తొచ్చి, అదెలా పుట్టిందో అర్థమైనట్టనిపించింది. మనవాళ్లు తరతరాలుగా విత్తనం వేసి ఆకాశం వైపు చూశారు. మబ్బు వచ్చిందా, నిలిచిందా, పోయిందా అని చూశారు. అలా పైకి చూసి చూసి, పక్కనున్నదాన్ని చూసే తీరిక లేకపోయింది. చేలో ఏమీ మిగలని ఏడు "ఏముందప్పా" అన్న మాట నోటికి వచ్చి ఉంటుంది. పంట గురించి అన్న ఆ మాట మెల్లగా ఊరికీ అంటుకుంది.

కరువు మన చూపును కూడా కొంచెం తీసుకుపోయింది. దాన్ని తిరిగి ఇచ్చేది బయటినుంచి వచ్చినవాళ్లే. తువ్వాలు దూర్చిన పిల్లవాడి ముఖంలో చూశాకే ఆ స్తంభం నాకు కనబడింది. మనం మాచు పిచ్చు పోతే అక్కడి రైతు కూడా మనల్ని చూసి, ఈ రాళ్లలో వీళ్లకేం కనబడిందో అనుకుంటాడేమో.

వీలైతే దూరదేశాలు తప్పకుండా చూడాలి. శెనక్కాయ అంత దూరంనుంచి మన గిన్నెలోకి వచ్చినట్టే, మనమూ ఒకసారి దాని పుట్టిల్లు చూసి వస్తే మంచిదే. ఆ ప్రయాణానికి డబ్బూ సెలవూ కూడేదాకా, పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరే దారులు మనకు చాలానే ఉన్నాయి.

ఈసారి చుట్టాల పిల్లలు ఎక్కడికి పోదామని అడిగితే, గిన్నె ముందుకు జరిపి ఊరుకోకండి. ఆ శెనక్కాయలే మూట కట్టుకుని వాళ్లతో కలిసి బయల్దేరండి. దసరాకు కుదరకపోతే సంక్రాంతి దాటాక వెళ్లండి. అప్పటికి వీరాపురం చింతచెట్ల మీదికి కొంగలు వచ్చి ఉంటాయి.