వయసు అడ్డు కాదు, వీసా చూసుకోండి

"ఈ వయసులో ఇంకేం కొత్త పని నేర్చుకుంటాం లెండి" అనే మాట మనవాళ్ళ నోట తరచూ వింటుంటాం. ముప్పై అయిదు దాటగానే మనకి మనమే ముసలివాళ్ళమైపోతాం. నేను సివిల్‌ డిప్లొమా చదివి, ఇప్పుడు టెక్సాస్‌లో సైట్‌ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మా పనిలో మోకాళ్ళు, నడుము ముందు రిటైరవుతాయి, మనిషి ఆ తర్వాత రిటైరవుతాడు. యాభై దాటాక ఏం చేయాలన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఆ ప్రశ్నకి నాకు కనిపిస్తున్న మంచి జవాబుల్లో ఒకటి, గాల్లోంచి ఫోటోలు తీసే వృత్తి.

విమానాల ఫోటోగ్రఫీ అంటే చాలామందికి రన్‌వే పక్కన నిలబడి దిగుతున్న విమానాన్ని తీయడమే గుర్తొస్తుంది. సరదాకి బాగానే ఉంటుంది గానీ దాంతో ఇల్లు గడవడం కష్టం. ఒక విమానంలో కూర్చుని పక్కన ఎగిరే ఇంకో విమానాన్ని తీసే నిపుణులు కూడా ఉన్నారు. కాన్సాస్‌ రాష్ట్రంలోని విచిటా నుంచి పనిచేసిన పాల్‌ బోవెన్‌ ఆ పనికే పేరుపొందారు. కానీ అందులో చోటు బహు కొద్దిమందికే. మనలాంటి వాళ్ళకి అందేది, పైనుంచి నేలని, కట్టడాలని తీసే పని.

ఇది మనకి పరాయి పని కాదు. విలియం గార్నెట్‌ సంగతే చూడండి. 1916లో పుట్టిన ఈయన మొదట కాలిఫోర్నియాలోని పాసడీనా పోలీసు శాఖలో ఫోటోగ్రాఫరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విమానం నడపడం నేర్చుకున్నాడు. 1950లో, ముప్పై దాటిన వయసులో, లాస్‌ ఏంజెలెస్‌ దగ్గర లేక్‌వుడ్‌ కాలనీ కడుతున్న కంపెనీ పని ఎలా సాగుతోందో పైనుంచి తీయమని ఈయనకి కబురుపెట్టింది. దాదాపు 17,500 ఇళ్ళ కాలనీ అది. పునాదులు, చెక్క ఫ్రేములు, కప్పులు ఒక్కో దశలో తీసిన ఆ ఫోటోలు ఆ తర్వాత అమెరికా నగరాల చరిత్ర పుస్తకాలకెక్కాయి. అదే గార్నెట్‌ 1968లో, యాభై దాటాక, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి చేరాడు. మొదటి పెద్ద పేరు తెచ్చింది మాత్రం ఒక కన్‌స్ట్రక్షన్‌ సైటే!

అసలు మన బలం ఇక్కడే ఉంది. కెమెరా తెలిసినవాళ్ళు వేలమంది ఉన్నారు. సైటు తెలిసినవాళ్ళు అంతమంది లేరు. కాంక్రీటు పోయకముందు, రాడ్డు కట్టిన రోజే ఫోటో తీయాలి. పోసేశాక లోపల ఏముందో ఏ కెమెరాకీ కనపడదు. వాన వెలిసిన మర్నాడు తీస్తే నీళ్ళు ఎటు వాలుతున్నాయో, ఎక్కడ నిలబడుతున్నాయో తెలుస్తుంది. ఇలాంటివి ఫోటోగ్రఫీ క్లాసులో చెప్పరు, పదేళ్ళు సైటులో ఎండకి మాడితే వస్తాయి. ఆ అనుభవానికి మనమే విలువ కట్టుకోవడం లేదు.

అమెరికాలో దారి ఏమంత క్లిష్టం కాదు. 2016 ఆగస్టులో 'పార్ట్‌ 107' అనే డ్రోన్‌ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కనీస వయసు 16. గరిష్ఠ వయసు అంటూ లేదు. పౌరసత్వం అడగరు, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడటం వస్తే చాలు. పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్‌, ఫీజు 175 డాలర్లు. తర్వాత రెండేళ్ళకోసారి ఆన్‌లైన్‌లో ఉచిత శిక్షణ పూర్తిచేయాలి. డ్రోన్‌ రిజిస్ట్రేషన్‌ మూడేళ్ళకి 5 డాలర్లు. మామూలుగా 400 అడుగుల ఎత్తు దాటకూడదు, డ్రోన్‌ కంటికి కనపడుతూ ఉండాలి. విమానాశ్రయాల దగ్గరైతే ముందుగా ఎఫ్‌ఏఏ అనుమతి కావాలి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌ డాలస్‌ విమానాశ్రయానికి ఆనుకునే ఉంది. అలాంటిచోట పెరట్లోంచి ఎగరేసినా ముందు మ్యాప్‌ చూసుకోవాల్సిందే. "డబ్బు తీసుకోలేదు కదా" అన్న సాకు చెల్లదు. వ్యాపారానికి పనికొచ్చే ఫోటో అయితే పార్ట్‌ 107 కిందికే వస్తుంది. 2024లో చేసిన చట్టం ప్రకారం ఒక్కో ఉల్లంఘనకి జరిమానా 75 వేల డాలర్ల దాకా పోవచ్చు.

అసలు చిక్కు వీసా. ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్‌ ఇచ్చేది డ్రోన్‌ ఎగరేసే హక్కు మాత్రమే, సంపాదించే హక్కు కాదు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్‌ చేసిన కంపెనీకే పనిచేయాలి. శనివారం రియల్‌ ఎస్టేట్‌ ఏజెంటుకి నాలుగు ఫోటోలు తీసిచ్చి రెండొందల డాలర్లు తీసుకుంటే, అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. ఆ రెండొందల కోసం గ్రీన్‌కార్డు లైనులో గడిపిన పదేళ్ళని పణంగా పెడతామా? హెచ్‌-4 మీద ఉండి, 2015లో వచ్చిన నిబంధన కింద ఈఏడీ కార్డు ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. వాళ్ళు సొంత వ్యాపారం కూడా పెట్టుకోవచ్చు. నాకున్నదీ అదే కార్డు. దాని గడువు తేదీ మాత్రం గోడ మీద రాసిపెట్టుకోవాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ బెంగ లేదు. ఎవరి సంగతి వాళ్ళు లాయర్ని అడిగి తేల్చుకోవడం మంచిది.

గల్ఫ్‌లో ఉన్న అన్నలు, తమ్ముళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2015లో యూఏఈలోని ఫుజైరాలో విమానాలు చూస్తూ వివరాలు రాసుకున్న బ్రిటన్‌ దేశస్థులు దాదాపు రెండు నెలలు జైల్లో గడిపారు. అమెరికాలో సరదా అయినది ఇంకోచోట నేరం కావచ్చు. డ్రోన్‌ కొనేముందే అక్కడి చట్టం కనుక్కోండి. ఊరికి తిరిగెళ్ళి చేద్దామనుకునేవాళ్ళకీ దారి ఉంది. మన దేశంలో 2021 డ్రోన్‌ నిబంధనల ప్రకారం పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉండి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుంటే రిమోట్‌ పైలట్‌ సర్టిఫికెట్‌ వస్తుంది. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్‌ ఏవియేషన్‌ అకాడమీ ఇలాంటి శిక్షణ ఇస్తోంది.

"అందరి దగ్గరా డ్రోన్లున్నాయి, రేట్లు పడిపోయాయి, మనకేం మిగుల్తుంది?" అని అడుగుతారు. నిజమే, అందమైన ఇంటి ఫోటోకి రేటు పడిపోయింది. కానీ ఫోటో చూసి "ఇక్కడ వాలు సరిగా లేదు, ఇక్కడ కప్పు అతుకు వదిలింది" అని చెప్పగలిగేవాడిని చవకబేరంలో తీసిపారేయలేరు. కాంట్రాక్టరు డబ్బిచ్చేది ఆ మాటకే.

కాబట్టి ఉద్యోగం మానేయమని నేను చెప్పడంలేదు. ఆదివారం రెండు గంటలు చదవండి, పరీక్ష రాయండి, సొంత సరదాకి ఎగరేసి చెయ్యి అలవాటు చేసుకోండి. వీసా ఒప్పుకున్న రోజున మాత్రమే బిల్లు పుస్తకం తెరవండి. అప్పటికి నడుం వంగకపోయినా ఫరవాలేదు, కన్ను మాత్రం సిద్ధంగా ఉండాలి.