జేబులో ఉన్నదే పనిముట్టు

మల్టీటూల్ కొందామనుకున్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది "అందులో ఎన్ని టూల్స్ ఉన్నాయి?" అని. అసలు అడగాల్సింది అది కాదని నా వాదన. "రేపు పొద్దున హడావిడిగా క్లాసుకి పరిగెత్తేటప్పుడు కూడా ఇది నా జేబులో ఉంటుందా?" అని అడగాలి. మన హాస్టల్లోనే చూడండి. పద్దెనిమిది పనిముట్లున్న, పావుకిలో బరువున్న భారీ మల్టీటూల్ ఏ గదిలోనో అల్మారా అడుగున తోలు కవర్లో భద్రంగా పడుంటుంది. కళ్ళజోడు మర ఊడేది మాత్రం ల్యాబులో. అప్పుడు పనికొచ్చేది పక్కవాడి తాళాలగుత్తికి వేలాడే చిటికెన వేలంత చాకు.

కాబట్టి కొనే ముందు ఓ రెండు వారాలు ఫోన్లో రాసుకోండి. ఎక్కడ పళ్ళతో చింపారు, ఎక్కడ గోరుతో లాగారు, ఎక్కడ తాళంచెవితో పొడిచారు, అంతా. నేను రాస్తే తేలింది ఇది: కొరియర్ పార్సిల్ టేపులు, ఇంటి నుంచి వచ్చిన కారప్పొడి ప్యాకెట్లు, చొక్కాకి వేలాడే దారప్పోగులు, చేతిలో విరిగిన చెక్కపేడు, కళ్ళజోడు మర, ల్యాప్‌టాప్ అడుగు మూత. కటింగ్ ప్లేయర్ లాంటిది కావాల్సి వచ్చింది చాలా అరుదుగా. పదునైన కత్తి తప్ప గత్యంతరం లేని పని ఒక్కటీ లేదు. ఆ జాబితాలో సగం కత్తెర పనే. అందుకే నా ఓటు కత్తెరకి. కొనేవాళ్ళు కత్తిని చూసి మురిసిపోతారు, వాడేవాళ్ళు కత్తెరని అరగదీస్తారు.

జాబితా ముందు, పనిముట్టు తర్వాత అన్నది నేను కనిపెట్టిందేమీ కాదు. 1891లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ తమ దేశ సైనికులకి చాకులు అందించడం మొదలుపెట్టాడు. అందులో ఏముండాలో సైనికుడి రోజువారీ పనే చెప్పింది. డబ్బా ఆహారం తెరవాలి, కొత్తగా వచ్చిన 1889 మోడల్ తుపాకీని విప్పి శుభ్రం చేసుకోవాలి. తుపాకీకి మరలున్నాయి గనక చాకుకి స్క్రూడ్రైవర్ వచ్చింది. 1897లో అధికారుల చాకు వచ్చింది, దానికి వైన్ సీసా బిరడా తీసే మెలికల కమ్మీ కూడా చేరింది. ఎవరి అవసరం వాళ్ళది!

మన మెకానికల్ వాళ్ళకి ఇంకా దగ్గరి కథ టిమ్ లెదర్‌మన్‌ది. ఆయన మెకానికల్ ఇంజనీరు. 1975లో భార్యతో కలిసి ఓ పాత ఫియట్ కారులో ఐరోపా తిరిగాడు. దారంతా కారు మొరాయించేది, చవక హోటళ్ళలో కుళాయిలు కారేవి. జేబులో చాకు ఉంది గానీ పట్టి తిప్పడానికి ప్లేయర్ లేదు. ఆ లోటులోంచి పుట్టిన మల్టీటూల్ మార్కెట్లోకి వచ్చేసరికి 1983 అయింది. అంటే ఎనిమిదేళ్ళు! ఆయనకి ప్లేయర్ ఎందుకు కావాలో ఆయనకి తెలుసు. మనం మాత్రం ఆయన జాబితా కొనుక్కుని మనదనుకుంటాం.

ఇక ఏది కొనాలి? హాస్టల్ జీవితానికి 58 మిల్లీమీటర్ల స్విస్ చాకు చాలు. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డి అన్నదాంట్లో చిన్న కత్తి, కత్తెర, గోళ్ళ ఆకురాయి, దాని కొసన సన్నని స్క్రూడ్రైవర్, చిమటా, పళ్ళపుల్ల ఉంటాయి. పిడి పక్కలోంచి జారి వచ్చే ఆ చిమటాని తక్కువ అంచనా వెయ్యకండి. పేడు గుచ్చుకున్నవాడికే దాని విలువ తెలుస్తుంది. తరచూ స్టార్ మరలు విప్పేవాళ్ళయితే అదే సైజులో రాంబ్లర్ చూడండి. రోబోటిక్స్ క్లబ్బులో తీగలతో కుస్తీ పట్టేవాళ్ళు మాత్రం ప్లేయర్ ఉన్నదే తీసుకోవాలి, అక్కడ నా వాదన చెల్లదు. బజారులో దొరికే నకళ్ళని గుర్తుపట్టడం తేలికే. కత్తెర నొక్కి వదిలితే స్ప్రింగు దానంతటదే వెనక్కి నెట్టాలి, పల్చటి ప్లాస్టిక్ కవరుని కొస దాకా నలపకుండా కోయాలి. కత్తిని పక్కకి కదిపితే ఊగితే తిరిగి ఇచ్చెయ్యండి.

మార్పులు చేసుకోవడం దగ్గరే అసలు సరదా అంతా ఉంది. మొదటి మార్పుకి పైసా ఖర్చు లేదు. తాళాలగుత్తికి నేరుగా తగిలించకుండా మధ్యలో చిన్న కొక్కెం పెట్టండి, లేకపోతే కత్తెర వాడాల్సినప్పుడల్లా బండి తాళం కూడా తియ్యాలి. రెండోది పక్క చెక్కలు. ఈ చిన్న చాకుకి రెండు వైపులా ఉండే ప్లాస్టిక్ తొడుగుల్ని రివెట్ తలల మీద నొక్కి బిగించి ఉంటారు. సన్నని రేకుతో నెమ్మదిగా లేపితే ఊడి వస్తాయి. మన కాలేజీ త్రీడీ ప్రింటర్లో కొత్తవి చేసుకోవచ్చు, పేరు తెలుగులో చెక్కుకోవచ్చు. ఒక్క మాట, పీఎల్ఏతో చెయ్యకండి. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో బండి మీద వదిలేస్తే వంకర తిరుగుతుంది. పీఈటీజీ మేలు.

మూడోది స్క్రూడ్రైవర్ కొస. మీ మరలకి సరిపోయేలా కాస్త ఆకురాయితో చేత్తోనే అరగదీసుకోండి. వర్క్‌షాపులో గ్రైండర్ ఉంది కదా అని పెట్టారో, క్షణంలో కొస నీలంగా మారుతుంది. అంటే ఉక్కు టెంపర్ పోయినట్టే. హీట్ ట్రీట్‌మెంట్ పాఠం పరీక్ష కోసమే అనుకున్నవాళ్ళకి అక్కడ అర్థమవుతుంది. ఇక రివెట్లు తొలిచి, రెండు చాకుల్ని విప్పి ఒకటిగా కలిపేవాళ్ళూ ఉన్నారు. చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ మొదటి చాకుతో ఆ ప్రయోగం వద్దు.

91 మిల్లీమీటర్ల చాకు కొన్నవాళ్ళు బిరడా కమ్మీని చూసి నవ్వుకుంటారు, మన హాస్టల్లో దీనితో ఏం పని అని. రెండు పనులున్నాయి. కళ్ళజోడు మరలకి సరిపడే బుల్లి స్క్రూడ్రైవర్ విడిగా అమ్ముతారు, అది ఆ మెలికల్లోనే తిరిగి కూర్చుంటుంది. ఇక ఎన్‌సీసీ బూట్ల లేసుకి పడ్డ పీటముడి విప్పడానికి ఆ కమ్మీని మించింది లేదు.

జాగ్రత్తలు ఎక్కువ లేవు. ఇది ఉక్కు, 230 వోల్టులకి అడ్డు కాదు. స్విచ్‌బోర్డు జోలికి వెళ్ళాలంటే మెయిన్ కట్టేసి, టెస్టర్‌తో చూసుకుని వెళ్ళండి. విమానమెక్కేవాళ్ళు చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. సెక్యూరిటీ దగ్గర "చిన్నదే కదా సార్" అంటే వినరు.

చివరిగా ఒక ఫిర్యాదు ఉంది. మల్టీటూల్ అనగానే అడవిలో గడ్డపు మగాడి బొమ్మ వేసి అమ్ముతారు. దాంతో మన క్లాసులో అమ్మాయిలు ఇది తమకి సంబంధించిన వస్తువు కాదనుకుంటున్నారు. గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ మూత ఊడినా "ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఆగు" అన్న జవాబు వింటూ మూడు రోజులు గడుపుతారు. రోజూ ఒంటి మీద పనిముట్టు మోసే అలవాటు అసలు మన ఇళ్ళల్లో ఎవరిది? అమ్మ గాజులకి, నానమ్మ పుస్తెలతాడుకి వేలాడే పిన్నీసులు చూడండి. చెప్పు తెగితే, కొంగు జారితే, ముల్లు గుచ్చుకుంటే, పిల్లాడి సంచి జిప్పు పోతే అవే దిక్కు. జాబితా రాసుకుని కొన్నవి కావు, జాబితా తెలిసి పెట్టుకున్నవి. ఏ ఊరికి వెళ్ళినా వెంట ఉంటాయి. మొన్న మా రూమ్మేట్ ఫోన్లోంచి సిమ్ ట్రే తీసింది కూడా మా అమ్మ పంపిన పిన్నీసుతోనే, నా చాకుతో కాదు.