కుక్కకు వేసే కార్జం ముక్క

కొంతకాలం క్రితం నలభై ఏళ్ల గొర్రెల కాపరి ఒకరు కుడి డొక్కలో బరువుగా ఉందంటూ నా వద్దకు వచ్చారు. కాలేయ దోషమని భావించి మూడు మాసాలు నేలఉసిరి రసం సేవింపజేశాను. గుణం కనిపించలేదు. స్కానింగు తీయిస్తే కాలేయంలో నీటితో నిండిన పెద్ద తిత్తి బయటపడింది. దీనినే హైడాటిడ్ తిత్తి అంటారు. శస్త్రచికిత్సతో ఆయన కోలుకున్నారు. నేను వృథా చేసిన ఆ మూడు మాసాలే నా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నాయి.

ఈ వ్యాధికి మూలం కుక్క పేగులలో నివసించే, కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే బద్దెపురుగు. దాని గుడ్లు కుక్క మలంతో పచ్చికపై పడతాయి. ఆ పచ్చిక మేసిన గొర్రెల కాలేయంలో, ఊపిరితిత్తులలో తిత్తులు ఏర్పడతాయి. ఆ గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కార్జం కుక్క నోట పడితే క్రిమి జీవితచక్రం పూర్తవుతుంది. ఈ చక్రంలో మనిషి అనుకోకుండా చిక్కుకుంటాడు. కుక్కను నిమిరిన చేతితో అన్నం తిన్నా, కడగని ఆకుకూర పచ్చిగా తిన్నా ఆ గుడ్లు కడుపులోకి చేరవచ్చు. కనుక మాంసం ముట్టనివారికీ ఈ ముప్పు తప్పదు. తిత్తి మాత్రం ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

క్రిమి అనగానే వాయువిడంగాలు వాడే అలవాటు మనకుంది. అవి పేగులలోని క్రిములకు చెప్పిన ఔషధం. కాలేయంలోని తిత్తికి ఇంటివైద్యం పనికిరాదని నిస్సంకోచంగా చెబుతున్నాను. దానిపై తైలం మర్దించి నొక్కడం మరీ అపాయం. తిత్తి పగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

అలాగని మన శాస్త్రం చెప్పినది లేకపోలేదు. చరకసంహిత విమానస్థానం క్రిమిచికిత్సను అపకర్షణం, ప్రకృతివిఘాతం, నిదానపరివర్జనం అని మూడు విధాలుగా నిర్దేశించింది. కారణాన్ని విడిచిపెట్టడమే నిదానపరివర్జనం. నా దృష్టిలో ఇక్కడ అదే మహౌషధం. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చాలి లేదా కాల్చివేయాలి. పెంపుడు కుక్కకు పశువైద్యుని సలహాపై ఏడాదికి నాలుగుసార్లయినా ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించాలి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారికి ఐస్‌లాండ్ దేశమే సమాధానం. ఒకప్పుడు అక్కడ ఈ వ్యాధి విస్తారంగా ఉండేది. 1864లో హరాల్డ్ క్రబ్బే వ్రాసిన చిన్న పుస్తకాన్ని ప్రజలకు ఉచితంగా పంచారు. తరువాత కుక్కల పెంపకంపై చట్టాలు వచ్చాయి. క్రమంగా వ్యాధి అక్కడ రూపుమాసింది.

జాతరనాడు గుమ్మం ముందు ఆశగా నిలిచే కుక్కకు పట్టెడన్నం పెట్టండి. పచ్చి కార్జం మాత్రం వేయకండి.