కరెంటుకు చద్ది లేదు

మొన్న మా ఇంటికి పదిమంది చుట్టాలొస్తారని వండితే ఆరుగురే వచ్చారు. "మిగిలిన అన్నం రేపు చద్దికి పనికొస్తుందిలెండి" అంది మా ఆవిడ.

కరెంటుకు ఆ సదుపాయం లేదు. ఏ క్షణానికి ఎంత వాడతామో ఆ క్షణానికి అంతే పుట్టాలి. పద్యపాదంలో గణాల్లాగా తగ్గినా తప్పే, మిగిలినా తప్పే. సెకనుకు 50 ఆవృత్తుల నడక చెడుతుంది. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినా మన దక్షిణాది నిలిచింది. అప్పట్లో వాటితో మనకు గాజువాకలోనిలాంటి డీసీ లంకెలే ఉండేవి. అవతలి కూలుడు ఇవతలికి పాకలేదు. 2013 డిసెంబరు 31న మనమూ వాళ్ల పంక్తిలోనే చేరాం.

అందుకే మిట్టమధ్యాహ్నం సౌరవిద్యుత్తు అక్కరకు మించితే కొంత ఆపెయ్యమంటారు. సింహాద్రి వంటి బొగ్గు కేంద్రాన్ని ఆర్పేద్దామంటే, దీపాలవేళకు మళ్లీ అందుకోవడం కష్టం. సూర్యుడు వడ్డించింది వదిలేసి బొగ్గు కాలుస్తున్నామన్నమాట! పగటి మిగులుతో నీళ్లు కొండకెక్కించి రాత్రి దింపుకొనే పథకం ఎగువ సీలేరులో తలపెట్టారు. అదే మన చద్దికుండ.

అందాకా నీళ్లమోటారు మధ్యాహ్నమే వెయ్యమన్నాను ఇంట్లో. "అలాగే. మీరు మాత్రం చుట్టాల లెక్క ముందుగా సరిగ్గా చెప్పండి" అంది మా ఆవిడ. గ్రిడ్డువాళ్లు అడిగేదీ అదే!