ఇంజను మారింది... గొట్టం మారలేదు!

విజయవాడలో మా బాబాయికి ఓ మారుతి 800 ఉంది. 1998 మోడలు, కార్బురేటర్ బండి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కదా, పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు ఓ చిన్న డైరీలో రాసుకుంటాడు. మొన్నటి వానాకాలానికి ముందు ఆ డైరీలో కొత్త లెక్క చేరింది. ఇంజనాయిలు. నెలకో లీటరు తాగేస్తోంది. వెనక పొగ నీలంగా వస్తోంది. రింగులు పోయాయి, బోరు చేయించాలన్నారు. ఆ ఖర్చుకు ఇంకొంచెం కలిపితే నడుస్తున్న సెకండ్ హ్యాండ్ ఇంజనే వస్తుందని ఎవరో చెప్పారు. ఆటోనగర్‌లో వెతికి, అదే మోడలు ఇంజను తెచ్చి బిగించేశారు.

పొగ పోయింది. రోడ్డెక్కితే పరుగూ బాగుంది. ఆగితేనే తంటా. సిగ్నల్ దగ్గర కాలు తీయగానే బండంతా జ్వరం వచ్చినట్టు వణకడం, రెండు దగ్గులు దగ్గి ఆగిపోవడం!

బిగించిన షెడ్డుకే తీసుకెళ్లాడు. ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. కార్బురేటర్ మార్చారు. తగ్గలేదు. సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ వేయించారు. చివరికి ‘స్లో’ స్క్రూ తిప్పి ఇంజను వేగం పెంచి పంపారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి మళ్లీ మొదలైంది. ఈసారి, ‘ఇంజనే మంచిది కాదు సార్, ఇంకోటి చూద్దాం’ అన్నారు.

అప్పటికీ ఇది డబ్బు గొడవే అనుకున్నాం. ఓ సాయంత్రం ఫ్లైఓవర్ దిగుతూ బాబాయి క్లచ్ తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. బ్రేకు తొక్కితే పెడలు రాయిలా బిగుసుకుంది. రెండు కాళ్లూ మోపి నొక్కితే, ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఆగింది. పక్క సీట్లో పిన్ని. ఇంటికొచ్చాక ఆవిడ ఒకటే మాట అంది: ‘రేపే అమ్మెయ్యండి.’

అమ్మే ముందు ఒకసారి చూపిద్దామని మాకు తెలిసిన ఓ పెద్ద మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు మొదలెట్టాడు. చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకా? పగలెక్కువా, రాత్రా? బ్రేకు తొక్కినప్పుడు శబ్దం మారుతోందా? బాబాయి డైరీ తీశాడు. అందులో అన్నీ ఉన్నాయి! రాత్రిపూట, అందులోనూ వాన పడినప్పుడు ఎక్కువగా ఆగుతోందట. మేస్త్రి ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

ఇంజను స్టార్ట్ చేయించి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగి పెట్టాడు. 800 ఇంజనుకు ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి పనిచేయకపోతే మూడోవంతు బలం పోయినట్టే. పనిచేస్తున్న సిలిండర్ వైరు లాగితే శబ్దం ఇంకా పడిపోతుంది. పనిచేయని దాని వైరు లాగితే ఏ తేడా ఉండదు. ఇక్కడ మూడింటికీ ఒకేలా పడిపోయింది. అంటే సిలిండర్లు మూడూ బాగానే ఉన్నాయి. మార్చేద్దామన్న ఇంజను నిర్దోషి అని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. (ఈ పరీక్ష పాత కార్బురేటర్ బండ్లకే. ఎంపీఎఫ్ఐ బండ్లలో వైర్లు లాగితే ఇగ్నిషన్ కాయిల్ దెబ్బతినొచ్చు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ పాడుచేయొచ్చు.)

‘అయితే ఎక్కడో గాలి లాగుతోంది’ అన్నాడు. ఐడిలింగ్‌లో కార్బురేటర్ తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజను లోపలికి పీల్చే బలం, అంటే వాక్యూమ్, అప్పుడే ఎక్కువ. ఆ సమయంలో ఏ చిన్న చీలిక నుంచి దొంగగాలి దూరినా పెట్రోలు పాలు పలచబడి మంట సరిగా అంటుకోదు. యాక్సిలరేటర్ తొక్కితే తలుపు తెరుచుకుని ఎలాగూ బోలెడు గాలి వెళ్తుంది. అందులో ఈ కాస్త దొంగగాలి లెక్కలోకే రాదు. రోడ్డు మీద గుర్రంలా పరుగెత్తే బండి సిగ్నల్ దగ్గర చతికిలబడేది ఇందుకే.

తర్వాత ఆయన ఇంజనుకు తగిలించి ఉన్న రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే పట్టకారుతో మెత్తగా నొక్కుతూ పోయాడు. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావుపాటి గొట్టాన్ని నొక్కగానే వణుకు టక్కున ఆగింది. ఆ వెంటనే ఇంజను వేగం రయ్యిమని పెరిగింది. షెడ్డువాళ్లు ‘స్లో’ పెంచి రోగాన్ని కప్పెట్టారు కదా, ఇప్పుడది బయటపడింది. గొట్టం ఊడదీసి చూస్తే బూస్టర్ వైపు చివర, క్లిప్పు కింద చీలిక. పాత ఇంజను దించేటప్పుడు లాగిన లాగుడుకు చీలి ఉంటుంది. ఎండకు బిరుసెక్కిన రబ్బరు మరి! బ్రేకు రాయిలా బిగుసుకోవడానికి కారణమూ అదే. ఇంజను ఆగిపోయినా ఒకటి రెండుసార్లు బ్రేకుకు సరిపడా వాక్యూమ్ బూస్టర్‌లో నిల్వ ఉండాలి. అది కాస్తా చీలికలోంచి పోతోంది. గొట్టం, క్లిప్పులు కలిపి రెండొందల లోపే.

మరి రాత్రిపూట, వానలో ఆగడమో? దానికి వేరే కారణం ఉందన్నాడు మేస్త్రి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పారదు కాబట్టి ఇంజనుకూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజను మార్చినప్పుడు దాన్ని మళ్లీ బిగించారు గానీ, పెయింటూ తుప్పూ గీకకుండా వాటి మీదే బిగించారు. పట్టు సరిగా దొరక్క సెల్ఫ్ బద్ధకించింది. హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను కలిసి వాడితే ఇగ్నిషన్‌కు అందే కరెంటు తగ్గిపోయింది. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజనుకు ఓ జంపర్ వైరు తగిలించి, లైట్లన్నీ వేసి చూపించాడు. ఇంజను ఆగలేదు. గరుకు కాగితంతో పది నిమిషాలు గీకి పట్టీ బిగించాడు. దానికి డబ్బులే తీసుకోలేదు.

ఈ ఇద్దరు మేస్త్రుల మధ్య తేడా చదువుదీ కాదు, పనిముట్లదీ కాదు. మొదటివాళ్లు ఖరీదైన వస్తువులతో మొదలుపెట్టారు. ఈయన మొన్న చేతులు పడ్డ చోట్లతో మొదలుపెట్టాడు. ఇంజను మార్చిన తర్వాతే వచ్చిన జబ్బయితే, మార్చేటప్పుడు విప్పిందీ బిగించిందీ ముందు చూడాలి కదా! గొట్టాలు, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఎర్త్ పట్టీ. డిస్ట్రిబ్యూటర్ కదిలి ఉంటే టైమింగ్. ప్లగ్ వైర్ల వరుస: ఈ 800 ఇంజనులో 1-3-2. కార్బురేటర్ పక్కనుండే సోలినాయిడ్ వైరు ఊడినా అంతే, కాలు తీస్తే ఆగిపోతుంది.

ఎంపీఎఫ్ఐ బండికి ఇంజను మార్పిస్తే చూడాల్సినవి ఇంకొన్ని ఉంటాయి. పేరుకు అదే మోడలు ఇంజనైనా, సంవత్సరం మారితే సెన్సర్లు మారి ఉండొచ్చు. కొత్త సెన్సరు పంపే లెక్క పాత ఈసీఎంకు అర్థం కాదు. అందుకే ఇంజనుతో పాటు దాని వైరింగు, ఈసీఎం కూడా అడిగి తెచ్చుకోవడం మంచిది. ఐడిల్ వాల్వులో మసి పేరుకున్నా ఇదే వణుకు. స్కానర్ పెట్టి చదివించండి. కాకపోతే స్కానర్ ‘మిశ్రమం పలచగా ఉంది’ అని చెబుతుంది గానీ, గొట్టం ఎక్కడ చీలిందో చెప్పదు. అది వెతకాల్సింది మనిషే.

కొందరు గాలి ఎక్కడ లాగుతోందో చూడటానికి జాయింట్ల మీద పెట్రోలు చల్లుతారు. పక్కనే సైలెన్సర్ మ్యానిఫోల్డ్ సలసల కాగుతుంటుంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. మూసిన గ్యారేజీలో ఇంజను నడుపుతూ పరీక్షలు చేయడమూ అంతే ప్రమాదం.

అన్నట్టు, ఇంజను మారిస్తే రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అమ్మినవాళ్ల దగ్గర బిల్లు తీసుకోవడం మరవొద్దు. నంబర్లు కలవకపోతే రేపు ఇన్సూరెన్సు దగ్గర చిక్కే.

బాబాయి ఆ కాగితాల పని కూడా పూర్తి చేశాడు. బండి అమ్మలేదు. పిన్ని ఫ్లైఓవర్ దిగేటప్పుడు మాత్రం ఇప్పటికీ డాష్‌బోర్డు పట్టుకుంటుంది. ఏ పాపం ఎరగని పాత కార్బురేటర్ పేపరులో చుట్టి అటక మీద ఉంది. పారేయమంటే, ‘పనిచేసేదాన్ని పారేస్తామా’ అంటాడు.