కోళ్ళగూడు కడగని ఇల్లాలు

మా కోళ్ళగూడు నేను కడగను. అవునండీ, ఏడాది దాటింది ఒక్క బకెట్టు నీళ్ళు కొట్టి. ఈ మాట చెప్పగానే మా పక్కింటి వదిన ముక్కు మూసుకుంది. అప్పటికి మేం గూడు పక్కనే నిలబడి పావుగంటైంది, ఆవిడకి వాసనే రాలేదు! అందుకే ఈ సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో నాటుపెట్టలు, వనరాజాలు కలిపి పదిహేను ఉంటాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దున్నే నా మొదటి పని రెట్టలు గీకి, గచ్చు కడగడం. నడుం పట్టేసినా, జ్వరమొచ్చినా తప్పదు. కడగని గూడంటే ఇల్లాలి బద్ధకమని లెక్క. అదే ఇంట్లో మగవాళ్ళు సంక్రాంతి పుంజుకి బాదంపప్పులు పెడతారు, ఈత కొట్టిస్తారు, మర్దనా చేస్తారు. ఆ పుంజు వేసిన రెట్ట మాత్రం నా చీపురుకే!

కిందటేడు శ్రావణమాసంలో వారం తిరక్కుండా తొమ్మిది పిల్లలు పోయాయి. రెట్టలో నెత్తురు. "సరిగ్గా కడగట్లేదు" అన్నారు ఇంట్లో. నేనూ నమ్మి రెండు పూటలా కడిగాను. ఇంకో రెండు పోయాయి. పశువుల డాక్టరుగారు చూసి కాక్సిడియోసిస్ అని మందిచ్చి, ఒక్క ప్రశ్న అడిగారు: "గచ్చు ఎప్పుడైనా ఆరుతోందా అమ్మా?"

ఆరలేదు. ముసురు పట్టిన గోదావరి జిల్లాలో తడిపిన గచ్చు ఎలా ఆరుతుంది? ఆ రోగక్రిమి గుడ్లు రెట్టలో బయటికొచ్చాక తడీ వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో పిల్లకి అంటుకునేలా తయారవుతాయట. శుభ్రం చేస్తున్నాననుకుని ఆ తడి నేనే అందించాను. ఆ పదకొండు పిల్లల్నీ తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పుడు మొదలుపెట్టాను డీప్ లిట్టర్. మిల్లు నుంచి పొడి ఊక తెప్పించి నాలుగంగుళాలు పరిచాను. వారానికి రెండుసార్లు కోళ్ళని బయటికి వదిలి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పారతో తిరగేస్తాను. నీళ్ళ గిన్నె చుట్టూ గడ్డకట్టిన ఊక తీసి అవతల పారేస్తాను. తగ్గితే కొత్త ఊక పైన వేస్తాను. రెట్టలో తేమని ఊక పీల్చుకుంటుంది, అందులో పెరిగే సూక్ష్మజీవులు రెట్టని మెల్లగా కుళ్ళబెట్టి ఎరువు చేస్తాయి. గుప్పెడు తీసి పిండితే ముద్ద కట్టకూడదు, అదే పరీక్ష. కళ్ళు మండే ఘాటు వస్తే తడెక్కువైందని అర్థం.

"పెంట మీద పెంట వేసి పెంచుతావా?" అన్నారు మా అత్తగారు. అడగాల్సిన మాటే. కానీ 1940ల్లోనే అమెరికాలో ఒహాయో పరిశోధకులు కొత్త పరుపు మీద కంటే పాత పరుపు మీద పెరిగిన కోడిపిల్లలే బాగుండటం గమనించారు. తిరగెయ్యకుండా వదిలేస్తే మాత్రం అది పెంటకుప్పే, ఆవిడన్నది నిజమే అవుతుంది.

ఊక సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. కొక్కెర తెగులుకి టీకా వేయించాల్సిందే. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే వేల్పూరులో, అటు పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఊళ్ళన్నీ హడలిపోయాయి. దాన్ని ఏ ఊకా ఆపదు. జబ్బు కోళ్ళున్న ఊకని మళ్ళీ వాడకూడదు. బాతుల్ని అదే గూట్లో పెట్టకూడదు, నీళ్ళు చిమ్మి అంతా పాడుచేస్తాయి. గూడు ఎత్తు మీద ఉండాలి, పక్కలకి జాలీ ఉండాలి, జల్లు లోపలికి కొట్టకూడదు.

రోజూ రెట్ట తీసి, నేల పూర్తిగా ఆరబెట్టగలిగేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా పేచీ తడిని శుభ్రమనుకునే అలవాటుతో, ఆడదాని నడుం నొప్పితో ఇంటి పరువు కొలిచేవాళ్ళతో. మార్పు చెబితే "తప్పించుకుంటోంది" అంటారు. పని తగ్గించుకోవడం నేరమా అండీ? ఈ ఏడు శ్రావణంలో నెత్తురు పారుడు ఒక్క పిల్లకీ రాలేదు. పాత ఊక కుప్పపోసి మాగాక కొబ్బరి మొదళ్ళకీ, బీరపాదుకీ వేశాను.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "గూడు కడగలేదా?" అని గుమ్మంలోంచి అడిగితే వాదించకండి. పార చేతికిచ్చి తిరగెయ్యమనండి. వారానికి రెండుసార్లేగా! పుంజుకి బాదంపప్పులు పెట్టే చేతులకి అదేం పెద్ద కష్టం కాదు.