వడ్డీ లేని షేర్లకూ వరద తప్పదు

వడ్డీ పుచ్చుకోకూడదని నియమం పెట్టుకున్న ఇళ్లలో పొదుపు సొమ్ము ఎక్కడికి పోతుంది? హనుమకొండలోనైనా హైదరాబాదులోనైనా ఎక్కువగా బంగారానికి, ప్లాటుకు. ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి పోరు. షేర్ల సంగతి వేరు. షేరంటే అప్పు కాదు, వ్యాపారంలో వాటా. లాభమొస్తే లాభం, నష్టమొస్తే నష్టం. అందుకే చాలామంది ఇస్లామిక్ పండితులు షరతుల మీద ఒప్పుకున్నారు.

ఆ షరతులే షరియా సూచీలకు జల్లెడ. బ్యాంకులు, బీమా, మద్యం, జూదం ఆ జల్లెడలో నిలవవు. సిగరెట్ల పుణ్యమా అని ఐటీసీ కూడా అంతే. మిగతా కంపెనీల అప్పులూ హద్దు దాటకూడదు. చాలా సూచీల్లో ఆ హద్దు మూడోవంతు. ఆదాయంలో కాస్త వడ్డీ కలిస్తే ఆ మేరకు దానం చేసెయ్యాలి. మన దేశంలో ఇది కొత్తేమీ కాదు. టాటా ఎథికల్ ఫండ్ 1996 నాటిది, అప్పట్లో పేరు వేరు. నిఫ్టీ షరియా బీస్ 2009లో వచ్చింది.

మరి అప్పులు తక్కువున్న కంపెనీలు కనుక భద్రమేనా? నష్టభయం రెండు రకాలు. ఇంటి కప్పు కారితే తడిసేది ఆ ఇల్లొక్కటే. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఏది కొత్తిల్లు, ఏది పాతిల్లు అని చూసిందా? మార్కెట్ మొత్తాన్ని ముంచే ఆ రెండో రకాన్నే సిస్టమాటిక్ రిస్క్ అంటారు. ఇరవై కంపెనీల షేర్లు కొన్నా అది పోదు. దాని కొలత బీటా. మార్కెట్ 10 శాతం పడినప్పుడు 9 శాతం పడే షేర్ల మూటకు బీటా 0.9. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 13 శాతం కూలింది. బ్యాంకులు అంతకంటే ఎక్కువ. ఐటీ, మందుల కంపెనీలు తక్కువే పడ్డాయి గానీ, పడ్డాయి.

నిఫ్టీలో దాదాపు మూడోవంతు బరువు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే. వాటిని తీసేస్తే ఆ ఖాళీలో ఐటీ, మందులు, సబ్బుల కంపెనీలు కూర్చుంటాయి. బ్యాంకులు మునిగిన ఏడాది అది మేలే. 2022లో కథ తిరగబడింది. ఐటీ సూచీ నాలుగోవంతు పడిపోతే, బ్యాంక్ నిఫ్టీ ఐదోవంతు పెరిగింది.

జల్లెడను చూడకుండా బోర్డును నమ్మితే మాత్రం చిక్కు పెద్దది. వడ్డీ లేని లాభమంటూ ఏటా 36 శాతం దాకా ఆశచూపి డిపాజిట్లు సేకరించారన్న ఆరోపణలపై హైదరాబాదు హీరా గ్రూపు అధినేత్రి నౌహీరా షేక్ 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. అక్కడ సొమ్మంతా ఒకే కప్పు కింద. షరియా ఫండ్ ధర పడితే మర్నాడు పేపర్లో కనిపిస్తుంది, వద్దనుకుంటే అమ్ముకోవచ్చు. హీరాలో డబ్బు కట్టినవాళ్లు పోలీస్ స్టేషన్లలో క్యూ కట్టారు.